ఓగ్ పెట్టెలో ఊటలంక నిశ్శబ్దం

ప్రభుత్వం వారికి మా ఊరి శబ్దాలు కావలసి వచ్చాయి.

అంతకుముందు మా ఊటలంక నుంచి వాళ్ళు అడిగినవి వేలిముద్రలు, మరుగుదొడ్ల ఫొటోలు. ఈసారి శబ్దాలు. పాతకాలపు పాటలు, పడవ పిలుపులు, పశువులను అదిలించే కేకలు, ఏవైనా సరే, బడిపిల్లలు రికార్డు చేసి పంపితే ‘ధ్వని నిధి’ అనే వెబ్‌సైటులో పెడతారట. ప్రారంభోత్సవం రోజున, ఎంపికైన శబ్దాలను మండలంలోని గ్రామ సచివాలయాలన్నిటి మైకుల్లోనూ ఒకేసారి వినిపిస్తారట. ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాలతో మరో వాక్యం ఉంది: “శబ్దములన్నియు లైసెన్సు రహిత ఫార్మాట్టునందు మాత్రమే సమర్పింపవలెను.”

హెడ్మాస్టారు దాన్ని ప్రార్థన సమయంలో చదివి, ఈ పని ఎవరు చేస్తారని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు. “సత్యదుర్గా, నువ్వు చేస్తావు కదూ?” అన్నారు. నేను తల ఊపాను. బడిలో నేను పెద్దగా మాట్లాడను. అడిగితే తల ఊపుతాను. తల ఊపేవాళ్ళకు మా బడిలో పనికి కొదవ లేదు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మమ్మ చేట ఆపేసింది.

“మైకులోనా?”

“ఊఁ.”

“కొమ్మరేవులో కూడా వినపడుద్దా?”

“అన్ని ఊళ్ళలోనూ.”

“అయితే ఇంకెవళ్ళనీ అడక్కు. నేను పాడతన్నాను.”

కొమ్మరేవు ఏటికి అవతలి ఊరు. మా అత్త పుట్టిల్లు అక్కడే. అత్త వాళ్ళమ్మ సీతారత్నం గారు మా అమ్మమ్మకు వియ్యపురాలు. మావయ్య పెళ్ళిలో భోజనాల వేళ, ఆడపెళ్ళివారి తరఫున ఆవిడ మైకు తీసుకుని ఇలా పాడారు:

వియ్యపురాలొచ్చింది చూడరమ్మా – విస్తరి వైపే చూపులమ్మా
బూరెల గంప ఎక్కడుందని – బుగ్గన వేలేసి అడిగెనమ్మా

పందిరంతా నవ్వింది. మనవాళ్ళు కూడా నవ్వారని అమ్మమ్మకు ఇప్పటికీ మంట. వియ్యాలవారి పాటల్లో ఒకరు అన్నాక రెండోవారు అనాలి, అదే మర్యాద. అమ్మమ్మ గొంతు సవరించుకుని మైకు అందుకుంది. జనరేటరు ఆగిపోయింది. అది బాగయ్యేలోపు అప్పగింతలు మొదలయ్యాయి. అప్పగింతల ఏడుపు మొదలయ్యాక ఎగతాళి పాట పాడకూడదు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి ఏడ్చారు. “కళ్ళు ఏడుత్తన్నాయి గానీ పాట మాత్రం గొంతులోనే అడ్డంపడి ఉందే” అంటుంది అమ్మమ్మ.

అప్పుడు నేను పలక పట్టుకుని తిరిగే పిల్లని. ఆ తర్వాత మా రెండిళ్ళలోనూ మళ్ళీ పెళ్ళి కాలేదు. మిగిలింది నేనే. అమ్మమ్మ అప్పుడప్పుడు నన్ను ఎగాదిగా చూస్తుంటే నాకు భయం వేసేది.

“అంత దిగులెందుకత్తయ్యా, మా అమ్మకి ఫోను కలిపిత్తాను, పాడెయ్యండి” అంది అత్త.

“పందిట్లో అన్న మాటకి ఫోనులో జవాబేంటే? దొంగచాటు యవ్వారం! నలుగురిలో అంది. నలుగురిలో వినాలి.”

“మా అమ్మని దులపడానికి ఎంత ఉబలాటమో!”

“మరి నువ్వెందుకే నవ్వుతున్నావు?”

“మీరన్నాక మా అమ్మ ఏమంటాదోనని.”

ఇదంతా నవ్వులాటే అయ్యేది, అమ్మమ్మ గొంతులో గడ్డ లేకపోతే. కిందటి నెలనుంచి మాట బొంగురుపోతూ ఉంది. పట్నంలో డాక్టరు గారు చూసి ఆపరేషన్ తప్పదన్నారు. తర్వాత మాట వస్తుందా అంటే కాగితాలు సర్దుకున్నారు. అమ్మమ్మ బతిమాలి ఆపరేషన్ని ప్రారంభోత్సవం మర్నాటికి పెట్టించుకుంది. ఎందుకమ్మా అని ఆయన అడిగితే, “మా వియ్యపురాలితో ఒక మాట మిగిలుందండి” అంది.

బడిలో టీచరు ఇచ్చిన ఫోనుతో పెరట్లో రికార్డు చేశాను. మొదటిసారి కోడి కూసింది. రెండోసారి అమ్మమ్మ కోడిని తిట్టింది. మూడోసారికి పాట కుదిరింది.

బూరెలు చూశాను ఒదినమ్మా – బూరెలో పూర్ణం ఏదమ్మా
పూర్ణం పెట్టడం మరిచావా – పిల్లికి పెట్టి దాచావా

మా కంప్యూటరు టీచరు జ్యోతిర్మయి గారు విని, కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. తర్వాత ఫార్మాట్టు సంగతి చెప్పారు. పాట ఒక వస్తువైతే ఫార్మాట్టు దాన్ని పెట్టే పెట్టె. కొన్ని పెట్టెలకు యజమానులుంటారు. అవి తయారుచేసినా, వాడే సాఫ్ట్‌వేరు అమ్మినా వాళ్ళకు డబ్బు కట్టాలి. కొన్నిటి మీద హక్కులు కాలం తీరి పోయాయి, ఎంపీత్రీ అలాంటిది. కొన్నిటిని మాత్రం తయారుచేసినవాళ్ళే అందరికీ వదిలేశారు. అలాంటి పెట్టె ఓగ్. పాటను టీచరు ఫోను పెట్టెలోంచి తీసి ఓగ్ పెట్టెలో పెట్టారు. అర నిమిషం కూడా పట్టలేదు.

అక్కడితో అయిపోవలసింది. కానీ పరాంకుశం గారు వచ్చారు.

ఆయన ధ్వని నిధి పథకానికి మండల ప్రత్యేకాధికారి. శబ్దాల్లోకి రాకముందు రెవెన్యూలో ఉండేవారు. జీపు దిగి, కంప్యూటరు గదిలో ఫ్యాను కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను.

“మీరు సమర్పించు ధ్వని ఏ ఫార్మాట్టునందున్నది?”

“ఓగ్ అండీ” అన్నారు టీచరు. “ఎంపీత్రీ అయినా ఇబ్బంది లేదు, దాని హక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి. కానీ మీరు లైసెన్సు రహితం అన్నారని...”

“చచ్చిపోయాయా? మరణ ధ్రువీకరణ పత్రం జతపరిచారా?”

“హక్కులకు మరణ పత్రం ఉండదండీ.”

“అటులైన బతికే ఉన్నవి. మా శాఖలో పత్రం లేకుండా ఎవరూ చనిపోరు.” కొంచెం ఆలోచించి దయగా అన్నారు, “పోనీ, వారసుల నుంచి నిరభ్యంతర పత్రం తెప్పించగలరా?”

టీచరు ఎంపీత్రీని అక్కడే వదిలేసి ఓగ్ దగ్గరికి వచ్చారు. “దీనికి ఆ గొడవే లేదు సార్. యజమానే లేడు.”

“యజమాని లేడా?”

“లేడండీ. అందరిదీ.”

పరాంకుశం గారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు. ముఖం వెలిగింది. పరాయి దేశంలో సొంత ఊరి మనిషి కనబడితే ఎవరి ముఖమైనా అలాగే వెలుగుతుంది.

“యజమాని లేనిది. అందరూ వాడుకొనునది. హెడ్మాస్టారు గారూ, దీన్ని ఏమంటారో తమకు తెలుసునా?”

“తెలీదండీ.”

“పోరంబోకు!”

గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. అప్పటికి నిశ్శబ్దం ఇంకా పథకం కాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

“పోరంబోకులో ఒక ప్రైవేటు వ్యక్తి పాటను పెట్టుట ఆక్రమణ అగును,” అన్నారు పరాంకుశం గారు. “విచారణ జరగాలి. ముందు హద్దులు చెప్పండి. ఓగ్‌కు తూర్పున ఏమున్నది?”

టీచరు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. హెడ్మాస్టారు మాత్రం పై అధికారి ప్రశ్న వేస్తే జవాబు లేకుండా ఉండలేరు. కంప్యూటరు తెర మీద కనబడిన మిగతా ఫార్మాట్ల పేర్లు చదివి, “తూర్పున వేవ్ అండీ, పడమర ఎంపీత్రీ, ఉత్తరాన ఫ్లాక్” అన్నారు.

“దక్షిణాన?”

“దారండీ.”

“దారి ఎలా వచ్చింది సార్?” అన్నారు టీచరు ఉండబట్టలేక.

“దక్షిణాన ఎప్పుడూ దారే ఉంటుందమ్మా,” అన్నారు పరాంకుశం గారు రాసుకుంటూ.

మర్నాడు సర్వేయరు వచ్చి గొలుసుతో కంప్యూటరు బల్లను కొలిచి, రెండు మూలల్లో రాళ్ళు పాతడానికి సిమెంటు గచ్చు అడ్డు వస్తోందని రాసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం ఊళ్ళో దండోరా వేశారు. డప్పు మోగగానే అమ్మమ్మ, “నా పాట గురించేనేమో చూడు” అంటూ గుమ్మంలోకి వచ్చింది. దాని గురించే.

“ఊటలంక గ్రామస్థులకు తెలియజేయునది ఏమనగా! ఓగ్ అనబడు యజమాని లేని ఫార్మాట్టునందు అచ్చాయమ్మ గారి పాట వేయబోతున్నారహో! దాని మీద ఎవరికైనా హక్కులుంటే పంచాయతీ ఆఫీసులో చెప్పుకోవాలహో!”

“ఓగ్ ఏంటే?” అంది అమ్మమ్మ.

“పెట్టె.”

“నా పాటకి పెట్టెందుకే? నోట్లోంచి వత్తాది, చెవిలోకి పోద్ది.”

చెప్పాలంటే చాలా మాటలు కావాలి. తల ఊపాను.

మా ఊళ్ళో బులిరాజు గారని ఒకాయన ఉన్నారు. యజమాని లేనిది ఏది కనబడినా ఆయనకు వాళ్ళ తాత గుర్తొస్తాడు. శ్మశానం పక్క కుంట, పాత రేవు మెట్లు, ఆగిపోయిన రైసుమిల్లు గోడ, అన్నీ తాతవే. దండోరా విన్న గంటకల్లా ఓగ్ కూడా తాతదే అయింది.

విచారణ పంచాయతీ ఆఫీసులో జరిగింది. పాట రికార్డు చేసిన మనిషిగా నన్నూ రమ్మన్నారు. అమ్మమ్మ రమ్మనకుండానే వచ్చి బెంచీ మీద కూర్చుంది.

“ఓగ్ మీ స్వాధీనంలో ఎప్పటినుంచి ఉన్నది?” అని అడిగారు పరాంకుశం గారు.

“మా తాత నాటినుంచండి. ఆయ్.”

“అందులో ఏమి చేయుచుంటిరి?”

“ఎండుగడ్డి ఏత్తామండి.”

“అది కంప్యూటర్లో ఉంటుందయ్యా!” అన్నారు హెడ్మాస్టారు.

బులిరాజు గారు తడుముకోలేదు. “మరి మా తాత కంప్యూటర్లోనే ఏసేవోడేమోనండి. నేనప్పుడు చిన్నపిల్లోణ్ణి, ఎంత గుర్తుంటాది?”

“బులిరాజూ, మీ తాత కాలానికి ఊళ్ళోకి కరెంటే రాలేదురా!” అంది అమ్మమ్మ.

“అదే కదండి అన్యాయం! కరెంటు లేకపోయినా ఏశాడు. అంత కట్టపడ్డాడు మా తాత!”

ఆ మాట పరాంకుశం గారి మీద పనిచేసింది. రాసుకుంటూ పైకి చదివారు: “వాది వాదనలో స్పష్టత కొరవడినను దృఢత్వమున్నది. కావున తుది నిర్ణయం వెలువడు వరకు ఓగ్ ఫార్మాట్టునందు యథాతథ స్థితి కొనసాగవలెను. అందు ఎవరూ ఏ శబ్దమునూ ఉంచరాదు. గడ్డిని కూడా.”

బులిరాజు గారు సగం గెలిచిన ముఖం పెట్టారు. అమ్మమ్మ లేచి నిలబడింది.

“బాబూ, మీ పెట్టెల గొడవ మీరు పడండి. నా పాట మాత్రం మైకులో వినపడుద్దా, వినపడదా?”

“అమ్మా, అది విచారణలో ఉన్నది.”

“ఎప్పుడు తేల్తాది?”

“విచారణకు కాలపరిమితి లేదు.”

“నా గొంతుకుందయ్యా,” అంది అమ్మమ్మ.

ఆయన అది రాసుకోలేదు.

మా ఊరి సంగతి తెలిసి మిగతా ఊళ్ళ వాళ్ళకూ తాతలు గుర్తొచ్చారు. ఒక ఊళ్ళో అన్నదమ్ములిద్దరు ఫ్లాక్‌లో చెరి సగం వాటా అడిగారు. ఇంకో ఊళ్ళో వేవ్‌ను ఎవరో తమ కులదైవం పేర రాసేశారు. మండలంలో వివాదం లేని ఫార్మాట్టు మిగల్లేదు. ప్రారంభోత్సవానికి పెద్దలు ఒప్పుకున్నారు, షామియానాలు మాట్లాడారు, వేయడానికి మాత్రం శబ్దం లేదు. అప్పుడు పరాంకుశం గారు రెండో ఉత్తర్వు ఇచ్చారు.

“శబ్దములన్నియు ఎవరో ఒకరికి చెందినవగుటచే వివాదాస్పదములు. నిశ్శబ్దమునకు యజమాని లేడు, రచయిత లేడు, లైసెన్సు లేదు. కావున ప్రతి గ్రామమూ తన నిశ్శబ్దమును మాత్రమే ప్రసారము చేయవలెను. అదియే రికార్డు చేయబడి ధ్వని నిధియందు శాశ్వతముగా భద్రపరచబడును.”

జ్యోతిర్మయి టీచరు ఉత్తర్వును రెండుసార్లు చదివారు. పరాంకుశం గారు మళ్ళీ వచ్చినప్పుడు అడిగారు.

“నిశ్శబ్దాన్ని ఏ ఫార్మాట్టులో పెడతారు సార్?”

“ఓగ్‌లోనే. ఆక్రమణ అనగా లోపల ఏదైనా ఉండాలి కదమ్మా. ఏమీ లేనిదాన్ని ఉంచుట ఆక్రమణ కాదు. ఖాళీ స్థలమును ఖాళీగా ఉంచినట్లే.”

“అయితే మైకులన్నీ కట్టేస్తే సరిపోతుంది కదా.”

ఆయన బాధపడ్డారు. “మైకు కట్టేస్తే వచ్చేది యంత్రం నిశ్శబ్దం. ప్రజలది కాదు. అన్ని గ్రామాల మైకులూ పనిచేయుచుండవలెను. ఒక ఊరి నిశ్శబ్దం మరో ఊరికి వినబడవలెను. ఆ సమయమున అధికారులతో సహా ఎవరూ మాట్లాడరాదు, కదలరాదు. అతిక్రమించినవారిపై చర్య తీసుకొనబడును. ఇది నేనే స్వయముగా చేర్చిన నిబంధన.”

తర్వాత మైకు ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. హెడ్మాస్టారు తలుపు దగ్గరున్న నన్ను చూపించారు.

“ఈ పిల్ల అయితే భయం లేదండీ. పొరపాటున కూడా నోరు విప్పదు.”

“నీ పేరేమి?” అన్నారు పరాంకుశం గారు. నేను చెప్పేలోపే హెడ్మాస్టారు చెప్పేశారు. పరాంకుశం గారు ఎంతో సంతోషించి నన్ను అక్కడికక్కడే ‘గ్రామ నిశ్శబ్ద ప్రతినిధి’గా నియమించారు. బ్యాడ్జీ ఇచ్చారు. బడిలో చేరాక నాకు దొరికిన మొదటి పదవి అది.

ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పడం మాత్రం కష్టమైంది. ఆవిడ బెండకాయలు తరుగుతోంది. అంతా విని, “అంటే పాట లేదన్నమాట,” అంది. బెండకాయలన్నీ తరిగేసి, తరగడానికి ఇంకేమీ లేక కత్తిపీట మీదే కూర్చుంది.

“ఊరుకోండత్తయ్యా. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ పాడచ్చు,” అంది అత్త. ఆ మాట అన్నాక అత్త కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మమ్మ నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే తల ఊపేదాన్ని.

ప్రారంభోత్సవం రోజున సచివాలయం ముందు షామియానా వేశారు. నిశ్శబ్దం చెడిపోకుండా పొద్దున్నుంచీ పిల్లలు డబ్బాలు మోగిస్తూ కాకుల్ని తోలారు. ఊరికుక్కల్ని ఆటోలో ఎక్కించి ఏటి గట్టు దాకా దింపి వచ్చారు. గోడ మీద తెర కట్టి, మిగతా ఊళ్ళన్నిటినీ చిన్న చిన్న గళ్ళలో చూపిస్తున్నారు. కొమ్మరేవు గడిలో ముందు వరసలో సీతారత్నం గారు చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. నిశ్శబ్దానికి కూడా ఆవిడ ముందు వరసే.

పరాంకుశం గారు ముందుగా ధ్రువపత్రం చదివారు. “ఊటలంక గ్రామ నిశ్శబ్దమును ఆద్యంతము ఆలకించి, అది సంపూర్ణముగను, కల్తీ లేనిదిగను ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.” దాని కింద ఆయన సంతకం, ముద్ర, పక్కన హెడ్మాస్టారి సంతకం అప్పటికే ఉన్నాయి. సంతకాలు ముందే అయిపోతే కార్యక్రమం ఆలస్యం కాదు; మా దగ్గర ఏ పనైనా అలాగే చేస్తారు. అన్ని ఊళ్ళ పత్రాలూ అలాగే సిద్ధమయ్యాయి.

సైరన్ మోగింది. అందరూ లేచి నిలబడ్డారు. నేను మైకు మీట నొక్కాను.

మా ఊరి నిశ్శబ్దం చాలా బావుంది. షామియానా గుడ్డ కొంచెం రెపరెపలాడింది. ఏటి మీద ఎక్కడో ఇంజను పడవ. చివరి వరసలో, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని అమ్మమ్మ ఉంది. మైకు వైపు చూడటం లేదు. తెర మీద చిలకపచ్చ చీర వైపు చూస్తోంది. మర్నాడు పొద్దున్న బస్సుకు సంచీ సర్ది ఉంచింది.

మైకు తీగ పొడవుగానే ఉంది. నేను వరసల మధ్యనుంచి నడిచాను. హెడ్మాస్టారి కనుబొమలు పైకి లేచాయి గానీ ఆయన కదల్లేదు, కదలకూడదు. మైకు తీసుకెళ్ళి అమ్మమ్మ నోటి దగ్గర పెట్టాను. అమ్మమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

బూరెలు చూశాను ఒదినమ్మా – బూరెలో పూర్ణం ఏదమ్మా
పూర్ణం పెట్టడం మరిచావా – పిల్లికి పెట్టి దాచావా

గొంతు బొంగురుగా, కంచు గీసినట్టు వచ్చింది. మండలంలోని మైకులన్నిటిలోంచీ ఒకేసారి వచ్చింది. తెర మీద గళ్ళన్నిటిలోనూ జనం నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. పరాంకుశం గారు నిటారుగా నిలబడి ఉన్నారు. ముఖం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. ఆపమనాలంటే మాట్లాడాలి. వచ్చి మైకు లాక్కోవాలంటే కదలాలి. రెండూ నిబంధనకు విరుద్ధం, అదీ ఆయన స్వయంగా చేర్చింది.

కొమ్మరేవు గడిలో చిలకపచ్చ చీర కదిలింది. సీతారత్నం గారు పక్కనున్న కుర్రాడి చేతిలోంచి మైకు లాగేసుకున్నారు.

పూర్ణం నిండుగ ఉందమ్మా – పళ్ళే నీకు లేవమ్మా
కొరకడానికే రాకుంటే – కొరత మాదని అనకమ్మా

నా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తే. అమ్మమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇది ఇన్నేళ్ళు దాచుకున్న పాట కాదు, అప్పటికప్పుడు పుట్టింది.

పళ్ళు పోతే పోనీవమ్మా – పాటకు నోరే చాలమ్మా
మీ ఇంటి బూరె విరగాలంటే – సుత్తి ఒకటి కావాలమ్మా

ఈసారి నవ్వు ఆగలేదు. ఊటలంక నవ్వింది, కొమ్మరేవు నవ్వింది, మధ్యలో ఏ సంబంధమూ లేని ఊళ్ళు కూడా నవ్వాయి. సీతారత్నం గారు మైకు పట్టుకుని ఏదో అనబోయి, నవ్వు వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయారు. అమ్మమ్మ తువ్వాలు సర్దుకుంది. సైరన్ మోగింది.

అందరూ పరాంకుశం గారి వైపు చూశారు. ఆయన చేతిలోని ధ్రువపత్రం వైపు చూసుకున్నారు. అక్కడ ఆయన సంతకం ఉంది. జరిగింది పాట అయితే సంతకం అబద్ధం. సంతకం అబద్ధం కావడానికి వీల్లేదు.

“ఊటలంక నిశ్శబ్దము దిగ్విజయముగా ముగిసినది,” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రికార్డింగు ఆ సాయంత్రమే ధ్వని నిధిలోకి చేరింది. ‘ఊటలంక నిశ్శబ్దం, సంపూర్ణం, కల్తీ లేనిది, లైసెన్సు రహితం’ అని దాని పేరు. ఓగ్ ఫార్మాట్టు. వెబ్‌సైటులో జనం ఎక్కువగా విన్నది అదేనట. నిశ్శబ్దం మీద ప్రజల్లో పెరిగిన ఆసక్తికి గాను పరాంకుశం గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

బులిరాజు గారు మాత్రం ఊరుకోలేదు. తన తాత ఓగ్‌లో అచ్చాయమ్మ అనే ఆవిడ అక్రమంగా ప్రవేశించి పాడుతోందని అర్జీ పెట్టారు. జవాబు వచ్చింది: “రికార్డుల ప్రకారం సదరు స్థలమునందు ఏమియు లేదు.” ఆయన ఆ కాగితాన్ని పట్టుకుని ఊరంతా తిరిగారు. “ఇనండ్రా, మీ చెవులతో మీరే ఇనండ్రా!” అని ఫోనులో అందరికీ పాట వినిపించారు. అలా, అప్పటిదాకా వినని నలుగురైదుగురు కూడా విన్నారు.

కొమ్మరేవు సచివాలయం నుంచి పరాంకుశం గారికి వినతిపత్రం వచ్చిందని జ్యోతిర్మయి టీచరు చెప్పారు. తమ గ్రామ నిశ్శబ్దము సమయాభావముచే మధ్యలో ఆగిపోయినదనీ, మరొక అవకాశము ఇవ్వవలసినదనీ. అది పరిశీలనలో ఉందట.

అమ్మమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ పోయింది. మాట కూడా పోయింది. పెదాలు కదుపుతుంది, గాలి వస్తుంది, అంతే. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది అసలైన నిశ్శబ్దం. దానికి ధ్రువపత్రం ఎవరూ ఇవ్వలేదు. మధ్యాహ్నం పూట అమ్మమ్మ నన్ను పిలవాలంటే గ్లాసుతో గచ్చు మీద కొడుతుంది. నేను వెళ్ళి ఫోనులో ఊటలంక నిశ్శబ్దం పెడతాను. తన పాట వస్తున్నప్పుడు కళ్ళు మూసుకుంటుంది. వియ్యపురాలి పాట వస్తున్నప్పుడు తెరిచి, బాగానే ఉందిలే అన్నట్టు మూతి విరుస్తుంది.

కాస్త తేరుకున్నాక సీతారత్నం గారు ఏరు దాటి వచ్చారు. చేతిలో స్టీలు క్యారేజీ. గుమ్మంలో నిలబడి అమ్మమ్మ మెడ మీది కుట్లు చూసి, క్యారేజీ కింద పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. తర్వాత మామూలు గొంతుతో, “ఇవిగో ఒదినా, బూరెలు. పిల్లికి పెట్టకుండా తెచ్చాను. తినడానికి పళ్ళు కూడా అక్కర్లేదు, దూదిలా ఉన్నాయి,” అన్నారు.

అమ్మమ్మ ఒక బూరె తీసి విరిచింది. పూర్ణం చేతుల మీదుగా కారింది. అంత పూర్ణం నేనెక్కడా చూడలేదు. కొంచెం నోట్లో వేసుకుని, మెల్లగా మింగి, అందరం చూస్తుండగా రెండో బూరెను నేల మీద పెట్టింది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, కుడిచేతి పిడికిలి పైకెత్తి, సుత్తిలా దించి, బూరెకు తగలకుండా ఠప్పున ఆపింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. విరగడం లేదన్నట్టు నుదుటి చెమట తుడుచుకుంది.

“అమ్మో అమ్మో! నోరు పోయినా ఎటకారం పోలేదే ఈవిడకి!” అన్నారు సీతారత్నం గారు గుండెల మీద చెయ్యి వేసుకుని. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. అమ్మమ్మ భుజాలు కదిలిపోతున్నాయి.

ఆ చప్పుడు లేని నవ్వు ఏ ఫార్మాట్టో జ్యోతిర్మయి టీచరును అడగాలి. లైసెన్సు మాత్రం ఎవరమూ తీసుకోలేదు.